ఎప్‌వర్త్ పాస్టరు గారి ఇంటికి అభినందనలు

ఇంగ్లండులో లింకన్‌షైర్ వాయవ్య మూలన ఎప్‌వర్త్ అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో ఎర్ర ఇటుకలతో కట్టిన పాత ఇల్లు ఒకటుంది. అంతకుముందు అక్కడున్న ఇల్లు 1709లో కాలి బూడిదైతే, ఏడాది తిరక్కుండా దాని స్థానంలో లేచి నిలబడిన ఇల్లు అది. అప్పటినుంచి 245 ఏళ్ళ పాటు ఆ ఊరి చర్చి పాస్టర్లు తరతరాలుగా అక్కడే కాపురమున్నారు. 1954లో ప్రపంచ మెథడిస్టు కౌన్సిల్ దాన్ని కొని, బాగు చేయించి, 1957లో లోకం కోసం తలుపులు తీసింది. 2027తో ఆ తలుపులు తీసి డెబ్బయ్యేళ్ళు. మన పెద్దలు డెబ్బయ్యో ఏట భీమరథ శాంతి జరుపుకుని పిల్లాపాపల్ని పిలిచి దీవిస్తారు. ఈ ఇంట్లో పెరిగిన జాన్ వెస్లీ మొదలుపెట్టిన మెథడిస్టు ఉద్యమం వల్ల ఈ ఇంటి పిల్లాపాపలు భూగోళమంతా ఉన్నారు. మెదక్‌లో ఉన్నారు, సికింద్రాబాదులో ఉన్నారు. ఆ వరసలో నిలబడి, తెలుగువాళ్ళ తరఫున ఈ ఇంటికి నిండు మనసుతో అభినందనలు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

మన ఊళ్ళలో చర్చి పక్కన ఉండే ఇంటిని పాస్టరు గారి ఇల్లు అంటాం. పాతకాలం మిషన్ వాళ్ళు కట్టిందైతే దొరగారి బంగళా అంటాం. ఇంగ్లండులో అలాంటి ఇంటికి రెక్టరీ అని పేరు. రెక్టరు అంటే ఆ ఊరి చర్చికి పూర్తి బాధ్యుడైన పాస్టరు. చర్చి మాన్యాల మీద వచ్చేదీ, ఊరి పంటలో పదో వంతూ ఆయన జీవనాధారం. ఇల్లు కూడా ఆ ఉద్యోగంతోనే వచ్చేది. బతికున్నంత కాలం అది ఆయనదే. కారితే నేయించాల్సిందీ, కూలితే కట్టించాల్సిందీ ఆయనే. అయినా దాన్ని అమ్ముకోలేడు, కొడుకుల పేర రాయలేడు. ఆయన కన్ను మూసిన రోజున భార్యాపిల్లలు మూటాముల్లె సర్దుకుని బయటికి నడవాల్సిందే. ఎప్‌వర్త్ ఇంటిని నేను ఇంతగా మెచ్చుకోవడానికి కారణం అక్కడే ఉంది. తమది కాదని తెలిసిన ఇంటిని తమ రక్తం ధారపోసి నిలబెట్టారు కొందరు. వాళ్ళు దాచుకోకుండా ఊరికి తెరిచిపెట్టినందువల్ల అది చివరికి అందరి ఇల్లూ అయింది.

ముందు ఆ నేల సంగతి చెప్పుకోవాలి. ఎప్‌వర్త్ ఉన్న ప్రాంతాన్ని ఆక్స్‌హోమ్ దీవి అంటారు. అది సముద్రంలోని దీవి కాదు. చుట్టూ నదులు, చిత్తడి నేలలు, మధ్యలో కాస్త మెరక. తూర్పున ట్రెంట్ నది. చలికాలం వస్తే చుట్టూ నీళ్ళే. ఆ చిత్తడిలో చేపలు పట్టుకుని, బాతుల్ని వేటాడి, పశువుల్ని మేపుకుని, పొయ్యిలోకి పీట్ మట్టిగడ్డలు తవ్వుకుని ఊళ్ళవాళ్ళు బతికేవారు. 1626లో మొదటి చార్లెస్ రాజు కార్నీలియస్ వెర్ముయిడెన్ అనే డచ్ ఇంజినీరును పిలిపించి నీళ్ళు మళ్ళించి ఆ నేలను ఆరబెట్టే పని అప్పగించాడు. ఆరిన భూమిలో మూడో వంతు రాజుకు, మూడో వంతు ఇంజినీరుకు, మిగిలిన మూడో వంతు ఊళ్ళవాళ్ళకు అని ఒప్పందం. తరతరాలుగా అందరిదీ అనుకున్న నేల తమ చేతుల్లోంచి జారిపోయిందని ఊళ్ళు భగ్గుమన్నాయి. కట్టలు తెంచారు, కాలువలు పూడ్చారు. దశాబ్దాల పాటు గొడవలు నడిచాయి. పైనుంచి వచ్చిన అధికారి అన్నా, రాజు మనిషి అన్నా అనుమానంగా చూసే అలవాటు ఆ ఊళ్ళకు అలా పట్టుకుంది. రాబోయే కథకు ఈ కోపమే మూలం.

కాలిపోయిన పాత రెక్టరీ ఎలా ఉండేదో మనకు తెలుసు. 1607లో చర్చి ఆస్తుల పట్టీ రాసినప్పుడు ఎవరో గుమాస్తా ఆ ఇంటిని కూడా గది గదిగా రాసిపెట్టాడు. అయిదు అంకణాల ఇల్లు. చెక్క దూలాలు, గార పూత గోడలు, పైన గడ్డి కప్పు. మూడు అంతస్తుల్లో ఏడు పెద్ద గదులు. వంటగది, హాలు, కూర్చునే గది, సరుకులు పెట్టుకునే కొట్టు, పైన మూడు విశాలమైన గదులు. అవి కాక వాడకానికి మరికొన్ని చిన్న గదులు. దక్షిణాన రాతి గోడకూ ఇంటికీ మధ్య కంచె వేసిన చిన్న తోట. విడిగా ధాన్యపు కొట్టు, పావురాల గూడు, నార ఆరబెట్టే బట్టీ. ఆ పల్లెల్లో నార పంట ఉండేది కాబట్టి పాస్టరు గారింట్లోనూ ఆ బట్టీ ఉంది. ఆస్తుల లెక్క కోసం రాసిన ఈ నాలుగు వాక్యాలే లేకపోతే, ఆ ఇల్లు మంటల్లో రెండుసార్లు కాలి ఉండేది. ఒకసారి నిప్పులో, ఇంకోసారి మరపులో.

ఆ గడ్డి కప్పు ఇంటికి శామ్యూల్ వెస్లీ కుటుంబంతో వచ్చాడు. 1690ల మధ్యలో రెక్టరయి, 1735లో చనిపోయేదాకా దాదాపు నలభై ఏళ్ళు అక్కడే ఉన్నాడు. పండితుడు, కవి, మొండిమనిషి. యోబు గ్రంథం మీద లాటిన్‌లో పెద్ద వ్యాఖ్యానం రాయడంలోనే జీవితం గడిపాడు. భార్య సుసన్నా లండన్‌లో ప్రసిద్ధుడైన బోధకుడు శామ్యూల్ ఆనెస్లీ కూతురు, ఆయన ఇరవై అయిదుగురు సంతానంలో చివరిది. ఆమెకు పందొమ్మిది మంది పుట్టి, పదిమంది బతికారు. ముగ్గురు కొడుకులు, ఏడుగురు కూతుళ్ళు. రాబడి పేరుకు ఏటా రెండు వందల పౌండ్లు. అప్పులు మాత్రం ఎప్పుడూ తల దాకా ఉండేవి. దానికి తోడు శామ్యూల్ గట్టి రాజభక్తుడు, మాట దాచుకోవడం చేతకానివాడు. 1702లో ఇల్లు ఒకసారి చాలావరకు కాలింది. 1705 ఎన్నికల్లో ఊరివాళ్ళకు ఎదురు నిలిచాడు. రాత్రంతా కిటికీల కింద డప్పులు వాయించి, తుపాకులు పేల్చారు. ముప్పై పౌండ్లకు లోపు అప్పుకే లింకన్ కోటలోని జైల్లో పెట్టించారు. ఆయన జైల్లో ఉండగా దొడ్లో పాలిచ్చే ఆవుల్ని పొడిచారు. అయినా ఆయన ఊరు వదిలి పోలేదు. వదిలి వెళ్ళమని స్నేహితులు చెప్పినా వినలేదు.

1709 ఫిబ్రవరి 9 రాత్రి. ఈశాన్యపు గాలి గట్టిగా వీస్తోంది. పదకొండు దాటాక కప్పు అంటుకుంది. నిప్పురవ్వలు కింద పడుకున్న పిల్లల మీద రాలాయి. వీధిలో ఎవరో నిప్పు నిప్పని అరిచారు. మరో గదిలో పడుకున్న శామ్యూల్ లేచి చూసేసరికి అది తన ఇల్లే. సుసన్నా అప్పుడు నిండు చూలాలు. వాకిలి వైపు వెళ్ళబోతే గాలికి మంటలు లోపలికే తన్నుకొచ్చాయి. మూడుసార్లు ప్రయత్నించి, చేతులూ ముఖమూ కమిలిపోగా నిప్పుల మధ్య నుంచే నడుచుకుంటూ బయటపడింది. పనిమనిషి ఏడాది పసివాడు ఛార్లెస్‌ని ఎత్తుకుని, మిగతావాళ్ళను తన వెంట రమ్మని పరుగెత్తింది. అందరూ బయటికి వచ్చాక లెక్కపెడితే ఒకడు తక్కువ. అయిదున్నరేళ్ళ జాన్ నిద్ర లేవనే లేదు.

తండ్రి మళ్ళీ లోపలికి వెళ్ళబోయాడు. మెట్లు కాలి, కాలు మోపితే కూలిపోయేలా ఉన్నాయి. దారి లేక హాల్లో మోకాళ్ళూని, బిడ్డ ప్రాణాన్ని దేవునికి అప్పగించాడు. అప్పటికి పిల్లవాడు లేచాడు. గది గుమ్మం దాటితే మంటలు. కిటికీ పక్కన ఉన్న పెట్టె మీదికెక్కి నిలబడ్డాడు. దొడ్లో గుమిగూడిన వాళ్ళు చూశారు. నిచ్చెన తేవాలంటే టైము లేదు. ఒకడు గోడకానుకుని నిలబడ్డాడు, తేలికపాటి మనిషి ఒకడు వాడి భుజాల మీదికెక్కాడు. మొదటిసారి జారిపడ్డారు. రెండోసారి అందింది. పిల్లవాణ్ణి కిటికీలోంచి లాగిన క్షణంలోనే కప్పంతా లోపలివైపు కూలింది. బయటికి కూలి ఉంటే కిందివాళ్ళంతా పోయేవారు. శామ్యూల్ ఆ చుట్టూ ఉన్నవాళ్ళను పిలిచి, మోకాళ్ళూని స్తోత్రం చెబుదామన్నాడు. ఎనిమిది మంది పిల్లలూ దక్కారు, ఇల్లు పోతే పోనిమ్మన్నాడు. పుస్తకాలు, రాతప్రతులు, బట్టలు, సామాను అన్నీ పోయాయి. నిప్పు ఎవరో పెట్టారనే ఆ కుటుంబం నమ్మింది. రుజువు దొరకలేదు. అయితే ఒక మాట మాత్రం తప్పక చెప్పుకోవాలి. బిడ్డను అందుకున్న భుజాలు కూడా ఆ ఊరివాళ్ళవే.

ఏడాది లోపే కొత్త ఇల్లు లేచింది. ఖర్చు నాలుగు వందల పౌండ్లు. పేరుకు ఉన్న రాబడి లెక్కన చూసినా రెండేళ్ళ జీతం. తనది కాని ఇంటికి, తర్వాత ఎవరో వచ్చి ఉండబోయే ఇంటికి, నిండా అప్పుల్లో ఉన్న మనిషి అంత ఖర్చు పెట్టాడు. పైగా చౌకగా కానివ్వలేదు. చెక్క, గడ్డి మాట ఎత్తలేదు. పునాది నుంచి ఇటుకే. 1666 నాటి మహా అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో ఇళ్ళు ఇటుకతోనో రాయితోనో కట్టాలని చట్టం వచ్చింది. సుసన్నా పుట్టి పెరిగింది అలా కొత్తగా లేస్తున్న ఇటుకల లండన్‌లోనే. పల్లెల్లో ఆ నియమం ఏదీ లేదు. మంటల నుంచి నేర్చుకున్న పాఠం ఉంది, అంతే.

ఆ కాలంలో ఇంగ్లండును ఏలుతున్నది ఆన్ రాణి. ఆమె పేరుతోనే ఆ ఇళ్ళ తీరును పిలుస్తారు. ఎర్ర ఇటుక గోడ, కుడిఎడమల సమతూకం, వరసగా పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, ఏటవాలు కప్పు, కప్పు కింద అటక గదులు. ఆడంబరం ఉండదు. అందమంతా కొలతల్లో ఉంటుంది. కింద వంటగది, చదువుగది, కూర్చునే గదులు, పైన పడకగదులు, ఆపైన ఇల్లంతా పరుచుకున్న అటక. పాత ఇంట్లోని గదుల వరసే కొత్త ఇంట్లోకి వచ్చినా వెలుతురు పెరిగింది. గోడలు నిప్పుకు లొంగనివయ్యాయి. పల్లెటూరి పాస్టరు ఇంటికి అది పెద్ద ఇల్లే. గోడలు లేచాయి గానీ లోపల పెట్టుకోవడానికి సామాను లేదు. ఏళ్ళ తరబడి గదులు సగం ఖాళీగానే ఉన్నాయి. ఈ ఇల్లు నేటికీ ఇంగ్లండులో అత్యున్నత శ్రేణి రక్షిత కట్టడాల జాబితాలో ఉందంటే, ఆ బక్కచిక్కిన అప్పులవాడు మొండిగా చేయించిన పనితనమే కారణం.

ఇల్లు కట్టడం శామ్యూల్ వంతయితే, దానిలో ప్రాణం పోయడం సుసన్నా వంతు. ఇల్లు తయారయ్యేదాకా పిల్లల్ని తలో ఇంట్లో ఉంచాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి చదువు చెడింది, మాటతీరు మారింది. కొత్త ఇంట్లో ఆమె మొదటినుంచి మొదలుపెట్టింది. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా బడి. మొదట కీర్తన, చివర కీర్తన. అయిదో ఏడు నిండిన మర్నాడు బిడ్డకు అక్షరాలు. ఆ ఒక్క రోజులో అక్షరమాల అంతా రావాలి. ఆ తర్వాత నేరుగా ఆదికాండం మొదటి అధ్యాయంలోకి. సాయంత్రం అయిదింటికి పెద్ద పిల్లలు చిన్నవాళ్ళను ఒక్కొక్కరిని తీసుకుని కీర్తనలూ వాక్యమూ చదివి వినిపించాలి.

ఆమె పెట్టిన నియమాల్లో ఒకటి మనం బంగారు అక్షరాలతో రాసుకోదగ్గది. ఏ ఆడపిల్లకూ బాగా చదవడం వచ్చేదాకా కుట్టుపని లాంటి పనులు నేర్పకూడదు. మూడు వందల ఏళ్ళ కిందట, ఒక పల్లెటూళ్ళో, ఏడుగురు కూతుళ్ళున్న తల్లి పెట్టుకున్న నియమమది. ఆ కూతుళ్ళలో మెహెటబెల్ చక్కని కవయిత్రి అయింది. ఈ ఇంటిని జాన్ వెస్లీ పెరిగిన చోటు అని చెప్పుకోవడం పరిపాటి. నిజానికి దాన్ని సుసన్నా వెస్లీ బడి అని కూడా చెప్పుకోవాలి. పుస్తకం పట్టుకోవడానికి ఆడపిల్లకు హక్కుందని ఆ ఇటుకల గోడల మధ్య రోజూ రుజువైంది.

ఇప్పుడు మన దేశానికి సంబంధించిన సంగతి. 1711 చివరలో శామ్యూల్ చర్చి సభల కోసం లండన్ వెళ్ళి నెలల తరబడి అక్కడే ఉండిపోయాడు. సహాయ పాస్టరు చేసే ఆరాధన చప్పగా సాగుతోంది. ఆ రోజుల్లో కూతురు ఎమిలియా తండ్రి చదువుగదిలోంచి ఒక పుస్తకం తీసుకొచ్చి అమ్మకు చదివి వినిపించింది. అది డెన్మార్క్ రాజు పంపిన మిషనరీల వృత్తాంతం. వాళ్ళు ఎక్కడికి వెళ్ళారు? మన కోరమాండల్ తీరానికి. 1706 జూలైలో జీగెన్‌బాల్గ్, ప్లూట్‌షౌ అనే ఇద్దరు యువకులు ట్రాంక్విబార్‌లో, అంటే తమిళనాడులోని తరంగంబాడిలో, ఓడ దిగారు. అక్కడి జనం మధ్య కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని వాళ్ళ భాషలోనే బోధించారు. ఆ కథ సుసన్నా మనసును పట్టేసింది. రోజుల తరబడి మరో ఆలోచన లేదని భర్తకు రాసిన ఉత్తరంలో చెప్పుకుంది. తాను మగవాడూ కాదు, పాస్టరూ కాదు. అయినా ఇప్పుడు చేస్తున్నదానికంటే ఎక్కువ చేయగలనని ఆమెకు తోచింది.

ముందు సొంత పిల్లలతోనే మొదలుపెట్టింది. రోజుకొకరితో సాయంత్రం విడిగా కూర్చుని మనసు విప్పి మాట్లాడటం. సోమవారం మేరీ, మంగళవారం మెహెటబెల్, బుధవారం ఆన్, గురువారం జాన్, శుక్రవారం మార్తా, శనివారం ఛార్లెస్, ఆదివారం పెద్ద కూతుళ్ళిద్దరూ. జాన్ పెద్దవాడై ఆక్స్‌ఫర్డులో ఉపాధ్యాయుడయ్యాక కూడా, ఆ గురువారం సాయంత్రాల్లాగే ఇప్పుడూ తన కోసం కొంత సమయం కేటాయించమని తల్లికి ఉత్తరం రాశాడు.

ఆ తర్వాత వంటగది. ఆదివారం సాయంత్రం ఇంటివాళ్ళకు, పనివాళ్ళకు ఆమె కీర్తనలు, ప్రసంగాలు చదివి వినిపించేది. పనివాడి తల్లిదండ్రులు తామూ వస్తామన్నారు. వాళ్ళ పొరుగువాళ్ళు వచ్చారు. ముప్పై నలభై మంది అయ్యారు. ఆ చలికాలం ముదిరేసరికి రెండు వందల మంది. చోటు చాలక వెనక్కి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. పొయ్యి ముందు ఒక స్త్రీ నిలబడి చదువుతుంటే, ఒకప్పుడు ఈ కుటుంబం మీద కత్తులు నూరిన ఊరు వంటగదిలో కిక్కిరిసి నిలబడి విన్నది. సహాయ పాస్టరు లండన్‌కు ఫిర్యాదు రాశాడు. ఆపేయడం మంచిదేమోనని శామ్యూల్ రాశాడు. సుసన్నా జవాబు వినయంగానే ఉంది, ఇనుములానూ ఉంది. ఆపమని మీ కోరికగా రాస్తే చాలదు, స్పష్టంగా ఆజ్ఞగా రాయండి, రేపు దేవుని న్యాయపీఠం ముందు నిలబడినప్పుడు ఈ పని మానిన దోషం నా మీద లేకుండా ఉండాలి అని ఆ ఉత్తరం సారాంశం. ఆజ్ఞ రాలేదు. చర్చికి వచ్చేవాళ్ళు కూడా పెరిగారు. ఇరుగుపొరుగువాళ్ళు మళ్ళీ మనుషుల్లా కలిసి మాట్లాడుకోవడం మొదలుపెట్టారని ఆమే భర్తకు రాసింది.

మన తీరాన జరిగిన పని గురించి చదివి ఒక ఇంగ్లీషు తల్లి తన వంటగది తలుపు తెరిచింది. ఆ వంటగదిలో కూర్చుని చూసిన ఎనిమిదేళ్ళ జాన్ తర్వాత చర్చి గోడలు దాటి బయటికి వెళ్ళి బోధించాడు. ఇందులో మన పాత్ర చిన్నదేమీ కాదు. ఆ ట్రాంక్విబార్ మిషన్ నుంచే తర్వాత బెంజమిన్ షుల్జ్ మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకుని, జర్మనీకి తిరిగి వెళ్ళాక 1746 ప్రాంతంలో హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా వాటినే చెబుతారు. ఎప్‌వర్త్ వంటగదికీ తెలుగు అచ్చుకూ ఒకే ఊట.

ఆ ఇంటి అటకకూ ఒక కథ ఉంది. 1716 డిసెంబరు నుంచి 1717 జనవరి దాకా ఇంట్లో ఎవరికీ అంతుబట్టని చప్పుళ్ళు. తలుపులు కొట్టినట్టు, మెట్ల మీద నడిచినట్టు, సీసాలు పగిలినట్టు. రాజు కోసం ప్రార్థన చేసే సమయానికి చప్పుడు మరీ ఎక్కువయ్యేది. ఆడపిల్లలు భయపడటం మానేసి, ఆ కనబడని అతిథికి జెఫ్రీ అని పేరు పెట్టారు. ఒక్కొక్కరూ తాము విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టారు. ఆ అటక గదికి నేటికీ జెఫ్రీ పేరే. చప్పుళ్ళ మాట ఎలా ఉన్నా, ఇంటిల్లిపాదీ కలం పట్టి రాసుకున్న ఆ అలవాటు సుసన్నా బడి ఎంత గట్టిదో చెబుతుంది.

1735 ఏప్రిల్‌లో శామ్యూల్ చనిపోయాడు. అనుకున్నట్టే జరిగింది. ఇంటిని కట్టించిన కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది. సుసన్నా కూతురు ఎమిలియా దగ్గరికి వెళ్ళిపోయింది. ఏడేళ్ళ తర్వాత, 1742 జూన్‌లో, జాన్ ఆ ఊరికి తిరిగి వచ్చాడు. తండ్రి ప్రసంగించిన చర్చిలో మాట్లాడటానికి అప్పటి పాస్టరు ఒప్పుకోలేదు. జాన్ గొడవ పడలేదు. సాయంత్రం చర్చి ఆవరణలో తండ్రి సమాధి రాయి మీద నిలబడి మాట్లాడాడు. ఎప్‌వర్త్ ఎన్నడూ చూడనంత జనం వచ్చారు. వారం పాటు రోజూ సాయంత్రం అదే పని. ఆ ఊళ్ళో తండ్రికి దక్కని వినే చెవులు కొడుక్కి దక్కాయి. తండ్రి నలభై ఏళ్ళు ఊరు వదలక నిలబడ్డ ఫలితం అదని నేను నమ్ముతాను.

మంటల రాత్రిని జాన్ జీవితాంతం మరవలేదు. 1750 ఫిబ్రవరి 9 రాత్రి లండన్‌లో జాగరణ ఆరాధన నడుపుతున్నాడు. పదకొండు గంటల వేళ ఆ తేదీ, ఆ గడియ గుర్తొచ్చి ప్రసంగం ఆపి, నలభై ఏళ్ళ కిందట ఇదే సమయంలో తనను మంటల్లోంచి లాగారని సభకు చెప్పాడు. అందరూ కలిసి స్తోత్రం చెప్పారు. 1753లో జబ్బుతో చనిపోతాననుకుని తన సమాధి మీద రాయవలసిన మాటలు తానే రాసుకున్నప్పుడు కూడా, మంటల్లోంచి తీసిన కొరవినని రాసుకున్నాడు. ఇంకా 37 ఏళ్ళకు పైగా బతికి, గుర్రం మీద దేశమంతా తిరిగి, 1791 మార్చి 2న కన్నుమూశాడు. పనిమనిషి చంకలో బయటపడ్డ పసివాడు ఛార్లెస్ ఆరు వేలకు పైగా కీర్తనలు రాశాడు. ప్రపంచంలో క్రిస్మస్ నాడు ఆ కీర్తనలు వినపడని క్రైస్తవ ఊరు అరుదు.

ఆ ఒరవడి మన నేలకు కూడా వచ్చింది. 1880 ప్రాంతంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ సికింద్రాబాదులో అడుగుపెట్టింది. అక్కడ వెస్లీ చర్చి, వెస్లీ స్కూళ్ళు, కాలేజీ ఈనాటికీ ఆ పేరు మోస్తున్నాయి. ఆ మిషన్ వాడే ఛార్లెస్ వాకర్ పాస్నెట్. 1890ల చివర మెదక్ చేరి దశాబ్దాల పాటు అక్కడే పనిచేశాడు. కరువులో పని కల్పించి కూడు పెట్టాడు. 1914లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు. ఆ రంగుటద్దాల వెలుగులో నిలబడి తలెత్తి చూసిన తెలుగువాళ్ళు లక్షల్లో ఉంటారు. 1947 సెప్టెంబరులో ఆ వెస్లియన్ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. పేరు మారినా పాటలు మారలేదు. మెదక్ చర్చి నూరేళ్ళ పండుగ 2024లో వచ్చింది. ఎప్‌వర్త్ ఇంటి డెబ్బయ్యేళ్ళ పండుగ ఇప్పుడు వస్తోంది. రెండూ ఒకే వంశంలోని వేడుకలు.

ఈ సందర్భంలో 1954 నాటి పెద్దల్ని కూడా తలచుకోవాలి. ఇటుకల ఇల్లు పాతబడితే దాన్ని అమ్మేసి కొత్తది కట్టుకోవడం తేలిక. వాళ్ళు అలా వదిలేయలేదు. కొని, మరమ్మతులు చేయించి, మూడేళ్ళలో జనానికి అప్పగించారు. ఆ ఇంటికి వెళితే సుసన్నా వంటగది చూపిస్తారు. శామ్యూల్ చదువుగది, జెఫ్రీ అటక చూపిస్తారు. పెరట్లో ఔషధ మొక్కల తోట ఉంది. జాన్ వెస్లీ 1747లో పేదల కోసం చిట్కా వైద్యం పుస్తకం ఒకటి అచ్చు వేయించాడు. డాక్టరు ఫీజు ఇవ్వలేని వాళ్ళకు ఇంటి పెరట్లో దొరికే మందు చెప్పాలని ఆయన తపన. ఆ తపనకు గుర్తుగా మొక్కలు పెంచడం ఎంత సముచితమో చెప్పనక్కర్లేదు.

ఒక ఇంటిని అభినందించడానికి పూలదండలు చాలవు. దాని నుంచి మనం ఏం నేర్చుకున్నామో చేసి చూపించాలి. మన దగ్గర గోదావరి జిల్లాల నుంచి పాలమూరు దాకా పాత పాస్టరు ఇళ్ళు, మిషన్ బంగళాలు ఎన్నో ఉన్నాయి. మందపాటి గోడలు, ఎత్తయిన వరండాలు, పెంకుల కప్పులు. కొన్ని కూలుతున్నాయి, కొన్నింటి స్థానంలో షాపింగ్ కాంప్లెక్సులు లేస్తున్నాయి. 1607లో ఆ గుమాస్తా చేసిన పని ఇప్పుడు మనం చేయాలి. సంఘ పెద్దలు, యువకులు కలిసి ఒక ఆదివారం మధ్యాహ్నం టేపు పట్టుకుని ఇల్లు కొలిచి, గది గదిగా రాసి, ఫొటోలు తీసి పెడితే చాలు. ఏ గదిలో బడి నడిచింది, ఏ వరండాలో మందులిచ్చారు, కరువునాడు ఏ గడపలో గంజి పోశారు అని పెద్దవాళ్ళను అడిగి రాయాలి. రాసిపెట్టిన ఇల్లు కూలినా పోదు.

ఎప్‌వర్త్ పాస్టరు గారి ఇంటికి డెబ్బయ్యేళ్ళ పండుగ శుభాకాంక్షలు. దాన్ని కట్టించి సొంతం చేసుకోకుండా వెళ్ళిపోయిన శామ్యూల్‌కు నమస్కారం. వంటగది తలుపు తీసి ఊరిని లోపలికి పిలిచిన సుసన్నమ్మకు అంతకు రెట్టింపు నమస్కారం. ఆ గోడల్ని తడవనీయకుండా, ఆ కిటికీల్ని మూయనీయకుండా ఈనాటికీ కాపాడుతున్న వాళ్ళకు మన కృతజ్ఞతలు. ఆ ఇల్లు వందేళ్ళ పండుగకు కూడా ఇలాగే కళకళలాడుతూ చేరాలి. ఆ రోజుకు మెదక్ నుంచి, సికింద్రాబాదు నుంచి తెలుగు పిల్లలు వెళ్ళి ఆ వంటగదిలో నిలబడి తెలుగులో ఒక కీర్తన పాడి రావాలని మనసారా కోరుకుంటున్నాను.